రేవు బొమ్మ, ఆయిల్ రంగులు, బ్రోకెన్ కలర్: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఆయిల్స్‌తో బొమ్మ వేద్దామని బయలుదేరేవాళ్లు అడిగే ప్రశ్నలు కొంచెం అటూ ఇటూగా అవే. నీళ్లు బురదలా ఎందుకొస్తున్నాయి, తెలుపు ఎందుకు సున్నం కొట్టినట్టుంది, చుక్కలు పెట్టినా మెరుపు ఎందుకు రావడం లేదు. అడిగిన ప్రతిసారీ మొదటినుంచీ చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. మీరు ఏ దశలో ఉంటే అక్కడినుంచి చదువుకోండి. కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో వేసేవాళ్లకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

## మొదలుపెట్టక ముందు

బ్రోకెన్ కలర్ అంటే ఏమిటండీ? చుక్కలు పెట్టడమేనా?

చుక్కలే కానక్కర్లేదు. ఒక చోటికి కావలసిన రంగును పాలెట్ మీద పూర్తిగా కలిపి చదునుగా పూసేయకుండా, దానికి దగ్గరి రంగులు రెండు మూడింటిని చిన్న చిన్న గీతలుగా పక్కపక్కన పెట్టి, మళ్లీ బ్రష్‌తో కెలకకుండా వదిలేయడం. మధ్యమధ్యలో అడుగు పొర కూడా కనిపించొచ్చు. దగ్గరికెళ్తే గీతలు విడివిడిగా ఉంటాయి. నాలుగడుగులు వెనక్కి వేస్తే ఒకే రంగులా, కానీ కదులుతున్నట్టు కనిపిస్తుంది. 1880ల్లో ఫ్రెంచ్ చిత్రకారులు సోరా, సిన్యాక్ పట్టుకున్న చుక్కల పద్ధతి దీన్ని ఒక సిద్ధాంతంగా చివరిదాకా తీసుకెళ్లింది. వాళ్లకంటే ముందే పేరుపడ్డ మరో ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే గీత అంత క్రమంగా ఉండదు. నీటి మీద అడ్డంగా, పొగ మీద ఏటవాలుగా, ఎక్కడ ఎలా కావాలంటే అలా పోతుంది. రేవు బొమ్మకు ఈ రెండోదే సుఖం.

నీలం పక్కన పసుపు పెడితే దూరం నుంచి ఆకుపచ్చ కనిపిస్తుందట కదా?

అందరూ చెప్పే మాటే, కానీ వేసి చూస్తే అలా జరగదు. పాలెట్ మీద కలిసేది రంగు ముద్ద, కంటిలో కలిసేది వాటి మీద నుంచి వచ్చే వెలుగు. పసుపు చుక్కల వెలుగు, నీలం చుక్కల వెలుగు కలిస్తే సగటున బూడిద రంగుకు దగ్గరగా వస్తుంది. మహా అయితే కాస్త ఆకుపచ్చ ఛాయ. కాబట్టి ఆకుపచ్చ కావాలంటే ఆకుపచ్చే కలపండి. దాని పక్కన నీలం వైపు మొగ్గిన ఆకుపచ్చ ఒకటి, పసుపు వైపు మొగ్గినది ఒకటి పెట్టండి. ఈ పద్ధతి బలం కొత్త రంగు పుట్టించడంలో లేదు, పక్క రంగు వల్ల ఒక రంగు మారినట్టు కనిపించడంలో ఉంది. పారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకాల విభాగం చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ ఈ సంగతే పట్టుకున్నాడు. నల్లదారం సరిగా నల్లగా లేదని ఫిర్యాదులొస్తే, లోపం అద్దకంలో కాదు, పక్కనున్న దారం రంగులో ఉందని తేల్చాడు. 1839లో ఆయన అచ్చువేసిన సూత్రాలు ఆ తర్వాతి చిత్రకారులకు బాగా పనికొచ్చాయి.

మొదటిసారే రేవు ఎందుకు? పూలకుండీతో మొదలుపెడితే పోలా?

పెట్టొచ్చు. కాకపోతే పూలకుండీ దగ్గర అంచులు నున్నగా తీర్చాలన్న కోరిక ఊరుకోనివ్వదు. రేవులో నీళ్లు ఎలాగూ ముక్కలుముక్కలుగానే కనిపిస్తాయి, రంగు విరవడానికి కారణం ఎదురుగానే ఉంటుంది. మోనే 1872లో ఫ్రాన్స్‌లోని ల్ హావ్ర్ రేవును పొద్దున్నే కిటికీలోంచి చూసి వేసిన 'ఇంప్రెషన్, సన్‌రైజ్' వల్లే కదా ఇంప్రెషనిజం ఉద్యమానికి ఆ పేరొచ్చింది. ఆ బొమ్మ కొలత 48 × 63 సెంటీమీటర్లే, చంకలో పెట్టుకుని పోవచ్చు.

నాకు డ్రాయింగ్ అంతంతమాత్రం. బోటు గీయగలనా?

గీయగలరు, బోటును బోటుగా చూడడం మానేస్తే. ముందు పొడవాటి పెట్టె గీయండి. పెట్టె పైఅంచు మధ్యలో కిందికి వంగి, ముందుభాగం దగ్గర పైకి లేస్తుంది. ఆ వంపు ఒక్కటి కుదిరితే కేబిన్ కాస్త వంకరైనా ఎవరూ పట్టించుకోరు. అది తప్పితే మాత్రం ఎంత రంగు పోసినా అరటిదొప్పే. ఇంట్లో పెన్సిల్‌తో వంపు ఒక్కటే పేజీల కొద్దీ గీయండి.

## సామాను

ఏయే రంగులు కొనాలి?

టైటానియం వైట్, లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్, కాడ్మియం రెడ్, పర్మనెంట్ అలిజరిన్ క్రిమ్సన్, అల్ట్రామెరీన్, సెరూలియన్, విరిడియన్, బర్న్ట్ సియన్నా. ఈ తొమ్మిదితో రేవంతా వేయొచ్చు. తెలుపు మాత్రం పెద్ద ట్యూబ్ కొనండి, మిగతావాటికి రెండింతలు అయిపోతుంది. నలుపు వద్దు. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియన్నా కలిపితే నలుపుకు దగ్గరి చీకటి వస్తుంది, పైగా దాన్ని వెచ్చగానో చల్లగానో ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. అలిజరిన్ కొనేటప్పుడు పర్మనెంట్ అని ఉందో లేదో చూడండి, పాత రకం ఎండకు వెలిసిపోతుంది.

స్టూడెంట్ రంగులు చాలవా? ఆర్టిస్ట్ రంగులు ఖరీదు కదా.

నేర్చుకోవడానికి చాలు. వాటిలో రంగుపొడి తక్కువ, నింపుడు ఎక్కువ, అందుకే తెలుపు కలిపితే త్వరగా పాలిపోతాయి. డబ్బు ఉన్నంతలో తెలుపు, అల్ట్రామెరీన్ మంచివి కొని మిగతావి స్టూడెంట్‌వి కొనుక్కోండి. తెలుపు ట్యూబ్ వెనక పీడబ్ల్యూ 6 అని ఉంటే అది టైటానియం. పీడబ్ల్యూ 4 కూడా ఉంటే జింక్ కలిసినట్టు. జింక్ పొర ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారి పగలొచ్చు. ఇంట్లో సాధన చేసే బొమ్మలకు అంత పట్టింపు అక్కర్లేదు.

ఏ బ్రష్‌లు?

పంది వెంట్రుకల ఫ్లాట్ బ్రష్‌లు, 6, 8, 10 నంబర్లు. మెత్తటి సేబుల్ బ్రష్ రంగును కింద పెట్టదు, రుద్దుతుంది. మనకు పెట్టేది కావాలి. తాళ్లకు ఒక రిగ్గర్ (పొడవాటి వెంట్రుకలున్న సన్నటి బ్రష్), గీకడానికి ఒక పాలెట్ నైఫ్. వెచ్చని రంగులకు ఒక బ్రష్, చల్లని వాటికి ఒకటి, తెలుపుకు ఒకటి విడిగా పెట్టుకుంటే సగం బురద అక్కడే తప్పుతుంది.

కాన్వాస్ ఎంత పెద్దది? తెల్లదాని మీదే మొదలుపెట్టాలా?

10 × 12 అంగుళాల ప్యానెల్ చాలు. దానికంటే పెద్దదైతే వెలుగు మారేలోపు నిండదు. తెల్లదాని మీద వద్దు. ముందురోజో ఇంకాస్త ముందో బర్న్ట్ సియన్నాను టర్పెంటైన్‌తో పలుచగా చేసి పూసి, బట్టతో తుడిచేయండి. ఇటుకపొడి రంగు మిగులుతుంది. రేవులో నీలాలు, ఆకుపచ్చలు ఎక్కువ. గీతల మధ్య ఈ వెచ్చదనం తొంగిచూస్తే నీళ్లు వెంటనే బతుకుతాయి. తొందరగా ఆరాలంటే ఈ పూత అక్రిలిక్‌తో వేసుకోవచ్చు. అక్రిలిక్ మీద ఆయిల్ నిలుస్తుంది, ఆయిల్ మీద అక్రిలిక్ నిలవదు.

టర్పెంటైన్ వాసన పడదు. కిరోసిన్ వాడొచ్చా?

రంగులో కలపొద్దు. బ్రష్‌ల మురికి వదిలించడానికి కొందరు వాడతారు, కానీ దాని జిడ్డు వెంట్రుకల్లో మిగిలిపోతుంది, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగాల్సిందే. అంతకంటే వాసన తక్కువున్న మినరల్ స్పిరిట్ మేలు. ఇంకా పడకపోతే బ్రష్‌ను బట్టతో బాగా తుడిచి, వంటనూనెలో ముంచి, మళ్లీ తుడిచి, సబ్బుతో కడిగేయండి. ఆ వంటనూనె చుక్క కూడా కాన్వాస్ మీదికి పోకూడదు, అది ఆరదు.

## రేవు దగ్గర

ఏ నెలలో, ఏ వేళకు వెళ్తే మంచిది?

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు వేటకు పోకూడదు. మత్స్యకారులకు అవి కష్టకాలపు రోజులు, బొమ్మ వేసేవాళ్లకు మాత్రం బోట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి కట్టేసి కదలకుండా దొరుకుతాయి. కొత్త రంగులు వేయడం, వలలు బాగుచేసుకోవడం కూడా అప్పుడే చూస్తారు. ఎండ విపరీతం కాబట్టి తెల్లవారుజామునే చేరుకోవాలి. మే నెలలో ఐదున్నరకే సూర్యుడు పైకొచ్చేస్తాడు, ఎనిమిది దాటితే నీడలన్నీ కుంచించుకుపోతాయి. వేట కాలంలో వెళ్తే పొద్దున్న వేలంపాట సందడి, ఐసు, తట్టలు, కాకులు, జనం అన్నీ ఉంటాయి. చూడ్డానికి అదే బాగుంటుంది, మొదటి బొమ్మకు మాత్రం మోయలేని భారం.

లోపల కూర్చుని వేయనిస్తారా?

జెట్టీ మీద పని జరిగే చోట అడ్డం కూర్చోకుండా ఉంటే సాధారణంగా ఎవరూ ఏమీ అనరు. ముందు గేటు దగ్గర అడగండి, ఏ బోటు ఎదుట కూర్చుంటున్నారో ఆ బోటువాళ్లకు ఒక మాట చెప్పండి. వాళ్లే నీడున్న చోటు చూపిస్తారు, తర్వాత వెనక నిలబడి మీ బోటు వంపు తప్పిందని కూడా చెప్తారు. నూటికి తొంభైసార్లు వాళ్ల మాటే నిజం. ఒక్క జాగ్రత్త: తూర్పు నౌకాదళం ఉన్న ఊరిది. నేవీ ఓడలవైపు, నిషేధం బోర్డులున్న వైపు కెమెరా గానీ స్కెచ్ పుస్తకం గానీ తిప్పకండి.

ఎటు చూసినా బోట్లే. ఏది వేయాలో తెలియక టెన్షన్ వస్తోంది.

బోట్లు లెక్కపెట్టకండి, పెద్ద ఆకారాలు లెక్కపెట్టండి. కళ్లు సగం మూసి చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ ఒక ముదురు పట్టీ, బోట్ల గుంపు ఒక ముక్కల పట్టీ, నీళ్లు ఒక పట్టీ, ఆకాశం ఒకటి. నాలుగే. వీటిలో ఒకటి మిగతావాటికంటే బాగా పెద్దదిగా ఉండాలి. నా ఓటు నీళ్లకు: కాన్వాస్‌లో సగానికి పైగా నీళ్లకిచ్చి, ఒక్క బోటును దగ్గరగా తెచ్చి, మిగతావాటిని గుంపుగానే వదిలేయండి. అట్టముక్కలో చిన్న కిటికీ కోసుకుని అందులోంచి చూస్తే ఎంపిక తేలికవుతుంది. కొండను ఎటో ఒకవైపు కోసేయండి, పూర్తిగా చూపిస్తే పోస్ట్‌కార్డు అవుతుంది.

అరగంటకే వెలుగు మారిపోతోంది, బోటు కూడా కిందికి దిగిపోయింది!

దిగింది నీరు. ఆటుపోట్లకు తగ్గట్టు బోటు జెట్టీ అంచుకు పైకి కిందికి అవుతూనే ఉంటుంది. అందుకే మొదటి పది నిమిషాల్లో నీటి గీత ఎక్కడుందో, నీడలు ఎటు పడ్డాయో పలుచటి రంగుతో గుర్తుపెట్టేసి, ఆ తర్వాత కళ్లముందు ఏం మారినా ఆ గుర్తులకే కట్టుబడండి. గంటన్నర దాటాక కనిపించే వెలుగు వేరే బొమ్మది. ఇంకో ప్యానెల్ తీయండి, లేదా మర్నాడు అదే వేళకు రండి.

హైదరాబాద్‌లో ఉంటాను. ఫోటో చూసి వేస్తే బ్రోకెన్ కలర్ కాదా?

అవుతుంది. కానీ ఫోన్ ఫోటోలో నీడలన్నీ నల్లగా, ఆకాశమంతా తెల్లగా వస్తుంది. మనం విరవాల్సిన రంగులు ఎగిరిపోయేది సరిగ్గా ఆ రెండు చోట్లే. రేవుకు వెళ్లినప్పుడు ఫోటోతోపాటు ఒక చిన్న కార్డు మీద నీళ్లలో కనిపించిన నాలుగు రంగులు, నీడలో మూడు రంగులు ముద్దలుగా పెట్టి తెచ్చుకోండి. ఇంట్లో ఆ కార్డే ఆధారం, ఫోటో గీతలకు మాత్రమే. బయట కూర్చోవాలన్నది కూడా వ్రతమేమీ కాదు. మోనే తోటి చిత్రకారుడు పిస్సారో కంటి జబ్బు వల్ల చివరి ఏళ్లలో రూఅన్, దియెప్, ల్ హావ్ర్ రేవులను హోటల్ కిటికీల్లోంచే వేశాడు.

## టోన్, అడుగు పొర

చెప్పినట్టే రంగులు పక్కపక్కన పెట్టాను. మెరవడం లేదు, గజిబిజిగా ఉంది. ఎందుకు?

వందలో ఎనభైసార్లు కారణం ఒక్కటే, టోన్. టోన్ అంటే రంగు ఏదన్నది వదిలేసి, అది ఎంత లేత, ఎంత ముదురు అన్నది. పక్కపక్కన పెట్టే గీతలు రంగులో ఎంత తేడాగా ఉన్నా టోన్‌లో దాదాపు సమానంగా ఉండాలి. ముదురు నీలం పక్కన లేత గులాబీ పెడితే అవి రెండు వేర్వేరు మచ్చలు, ఎంత దూరం పోయినా కలవవు. అదే నీలానికి తెలుపు కలిపి, గులాబీని కాస్త దించి ఇద్దరినీ ఒక మెట్టు మీదికి తెస్తే గాలి ఆడినట్టు కదులుతాయి.

నమ్మకం కుదరకపోతే మోనే 'ఇంప్రెషన్, సన్‌రైజ్' ఫోటోను ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. అంత ఎర్రగా మండుతున్న సూర్యుడు దాదాపు మాయమైపోతాడు, ఎందుకంటే చుట్టూ ఉన్న బూడిద ఆకాశం టోన్, అతని టోన్ ఒకటే. వెలుగులో తేడా లేదు, రంగులోనే ఉంది. ఆ సూర్యుడు మన కంటికి అలా అదురుతున్నట్టు కనిపించేది అందుకే. మీ బొమ్మను కూడా మధ్యమధ్యలో ఇలాగే ఫోటో తీసి రంగు తీసేసి చూడండి. బోటు, నీళ్లు, కొండ విడివిడి ముక్కలుగా, ఒక్కో ముక్క లోపల చదునుగా కనిపిస్తే సరైన దారిలో ఉన్నట్టే. ఒక ముక్క లోపల తెల్లమచ్చలు, నల్లమచ్చలు కనిపిస్తే అక్కడ టోన్ విరిగింది. మనం విరవాల్సింది రంగును మాత్రమే.

అడుగు పొర ఎంత మందంగా వేయాలి?

చాలా పలుచగా, టర్పెంటైన్ కలిపి, నూనె లేకుండా. పెద్ద ఆకారాలు నాలుగూ నాలుగు టోన్‌లలో పూసేయండి, వివరాలు వద్దు. పైన వచ్చే పొరల్లో నూనె ఎక్కువ ఉండాలి, కింద తక్కువ. తిరగేస్తే కింది పొర తర్వాత ఆరుతూ కదులుతుంది, పైది పగులుతుంది.

## రంగు విరవడం

గీత ఎలా పెట్టాలి? నా గీతలన్నీ కలిసిపోతున్నాయి.

రంగు గట్టి పెరుగులా ఉండాలి, జారకూడదు. ట్యూబ్‌లోంచి మరీ నూనెగా వస్తే కాసేపు కాగితం మీద పెట్టి నూనె పీల్చనివ్వండి. బ్రష్ కొసకు రంగెత్తి, కాన్వాస్‌కు దాదాపు పడుకోబెట్టి, ఒక్కసారి ఆనించి తీసేయండి. మళ్లీ అదే చోటికి పోకూడదు. బట్టతో తుడవండి, ఇంకో రంగెత్తండి. ఈ తుడవడం విసుగే, కానీ తుడవని బ్రష్ మూడో గీతకు బూడిద రంగు పూస్తుంది. అడుగు పొర తడి తగ్గి జిగటగా ఉన్నప్పుడు గీత బాగా నిలుస్తుంది. పూర్తిగా ఆరాక పొడిబ్రష్‌తో తేలిగ్గా లాగితే కాన్వాస్ గరుకు మీద మాత్రమే రంగు అంటి, సందుల్లో కింది రంగు మిగులుతుంది. నీటి మెరుపుకు ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

గీతలు ఎంత పెద్దవి ఉండాలి?

బొమ్మను చూసే దూరాన్ని బట్టి. 10 × 12 ప్యానెల్‌ను ఆరేడు అడుగుల నుంచి చూస్తారు కాబట్టి దగ్గరి నీళ్లలో వేలెడు పొడవు, దూరం పోయేకొద్దీ బియ్యపుగింజంత. అన్నీ ఒకే సైజులో పెడితే గోడకు అతికించిన కాగితంలా ఉంటుంది.

రేవు నీళ్లకు ఏ రంగు? నీలం పూస్తే స్విమ్మింగ్ పూల్‌లా ఉంది.

విశాఖ రేవు నీళ్లు నీలం కావు. మీ కాళ్ల దగ్గర చూస్తే ఆకుపచ్చ, గోధుమ కలిసిన చిక్కటి రంగు, పైన డీజిల్ జిడ్డు. అక్కడ నీళ్లలోకి నిలువుగా చూస్తున్నాం, అందుకే నీటి సొంత రంగు కనిపిస్తుంది. దూరం పోయేకొద్దీ చూపు ఏటవాలు అవుతుంది, నీళ్లు ఆకాశాన్నీ బోట్లనూ చూపించడం మొదలుపెడతాయి. కాబట్టి కింది నుంచి పైకి నెమ్మదిగా మార్చుకుంటూ పోవాలి.

నేను పాలెట్ మీద మూడు కుప్పలు ముందే కలిపి పెడతాను. విరిడియన్, బర్న్ట్ సియన్నా కలిపిన బురదపచ్చ ఒకటి. అల్ట్రామెరీన్‌లో కొద్దిగా అలిజరిన్, తెలుపు కలిపిన వంగపండు బూడిద ఒకటి. సెరూలియన్, తెలుపు, చిటికెడు ఓకర్ కలిపిన ఆకాశపు తునక ఒకటి. మూడింటినీ తెలుపుతో ఒకే టోన్‌కు తెచ్చి, పక్కపక్కన గీసి, కళ్లు సగం మూసి చూస్తాను. ఏదైనా ఎగిరి కనబడితే దించుతాను. తర్వాతే కాన్వాస్. దగ్గరి నీళ్లలో మొదటి కుప్ప ఎక్కువ, దూరాన మూడోది ఎక్కువ. గీతలన్నీ అడ్డంగానే, కానీ గళ్ల పుస్తకంలా కాకుండా ఒక్కోటి కాస్త వంగి. సందుల్లో ఇటుకరంగు అడుగు పొర అక్కడక్కడ వదలండి, అంతా కప్పేయకండి. ఎండ తళుకులు చివర్లో, అవీ పిడికెడే.

బోటు నీడను నీళ్లలో ఎలా వేయాలి?

నీడ వేరు, ప్రతిబింబం వేరు. నీడ సూర్యుడున్న వైపుకు వ్యతిరేక దిశలో పడుతుంది, ప్రతిబింబం ఎప్పుడూ నిలువుగా మీవైపే దిగుతుంది. స్తంభం ఎడమకు వంగితే నీళ్లలోనూ ఎడమకే వంగుతుంది. లేతవి నీళ్లలో కాస్త ముదురుగా, ముదురువి కాస్త లేతగా కనిపిస్తాయి. తెల్ల కేబిన్ కింద మాసిన తెలుపు, నల్ల టైరు కింద నలుపు కాని నలుపు. ముందు నిలువు గీతలతో ప్రతిబింబం దించి, జిగటపట్టాక నీటి రంగుతో అడ్డంగా నాలుగైదు చోట్ల కోయండి. ఆ కోతలే అలలు.

తెల్ల కేబిన్ సున్నం కొట్టినట్టు ఎందుకుంది?

ఉత్త తెలుపు పూశారు కాబట్టి. పొద్దున్న ఏడింటికి ఎండ పడని కేబిన్ గోడను నిదానంగా చూడండి. పైభాగంలో ఆకాశం నీలం ఆనుతుంది. కింద, నీళ్ల మీద నుంచి ఎగసిన వెలుగు పచ్చగా కదులుతుంటుంది. పక్కన నారింజ తేలుడు బుడ్డీలు కట్టి ఉంటే వాటి ఛాయ అరచేతి మేర గోడకు అంటుతుంది. కిటికీ మేకు కింద తుప్పు కారిన చార ఉంటుంది. ఇవన్నీ వేసినా అది తెల్లగోడే. లేత వంగపండు, లేత పచ్చ, లేత నారింజ మూడూ ఒకే టోన్‌లో కలిపి ముక్కలుగా పెట్టండి, తుప్పు చారకు బర్న్ట్ సియన్నా ఒక్క లాగు. ఎండ పడిన వైపు తెలుపులో చిటికెడు లెమన్ ఎల్లో కలిపి మందంగా ఒకటి రెండు గీతలు. నీడవైపు రంగులు పలికాయి కాబట్టి ఎండవైపు తక్కువలోనే మెరుస్తుంది.

వలల కుప్ప ఎలా?

ఒక్క వల గీయకండి. నీలిపచ్చ ముద్ద ఒకటి పలుచగా పూసి, దాని మీద పొడిబ్రష్‌తో లేతపచ్చ, నీలం, గోధుమ అటూ ఇటూ లాగండి. ఒకచోట తాడు ముడి స్పష్టంగా పెడితే మిగతాదంతా చూసేవాళ్లే వలగా చదువుకుంటారు.

కొండ ముందుకొచ్చి మీద పడుతోంది.

దగ్గరి బోట్లలో వాడినంత ముదురు కొండలోనూ వాడి ఉంటారు. పొద్దున్న ఉప్పుగాలి తేమకు కొండ నీలిబూడిదగా పాలిపోతుంది. అల్ట్రామెరీన్, తెలుపు, చిటికెడు సియన్నాతో ఒకటి, దానికి అలిజరిన్ చేర్చి ఒకటి, ఓకర్ చేర్చి ఒకటి. గీతలు పొట్టిగా, కొండ వాలు వెంబడి. అంచును ఆకాశంలోకి రెండు చోట్ల కరగనివ్వండి. లైట్‌హౌస్ పెట్టాలనిపిస్తే ఒక్క చుక్క, కిటికీలు లెక్కపెట్టొద్దు.

ఆకాశం కూడా విరవాలా?

విరవాలి, కానీ నీళ్లకంటే మెత్తగా. నీళ్లు, ఆకాశం రెండూ ఒకే జోరుగా అరిస్తే కంటికి నిలవడానికి చోటుండదు.

తాళ్లు, స్తంభాలు?

చివర్లో, ఆరిన పొర మీద, రిగ్గర్‌తో, ఊపిరి బిగబట్టకుండా. స్తంభం పొడవునా ఒకే రంగు వద్దు. ఆకాశం ముందు ముదురు, ముదురు కొండ ముందుకు వచ్చేసరికి లేత. తాడు మధ్యలో తెగినా ఫర్వాలేదు, కన్ను కలుపుకుంటుంది.

## తేడా కొట్టినప్పుడు

అంతా బురద అయిపోయింది. పైన మళ్లీ రంగు వేయనా?

వద్దు. తడి బురద మీద ఏది వేసినా బురదే. పాలెట్ నైఫ్‌తో ఆ ముక్క వరకు గీకేయండి, బట్టతో ఒత్తి తీయండి. గీకినచోట మిగిలే ఛాయ చాలాసార్లు బాగుంటుంది, ఉంచేయండి. ఇకపై ఒక కుప్పలో తెలుపు కాక రెండు రంగులు, మహా అయితే మూడు. ఎదురెదురు రంగులు, ఎరుపు ఆకుపచ్చ లాంటివి, పక్కపక్కన ఉంటే మెరుస్తాయి, తడిలో ఒకదాన్నొకటి తాకితే చచ్చిపోతాయి.

ఇంటికొచ్చి చూస్తే నిన్న మెరిసిన ముదురు రంగులు వెలవెలబోయాయి.

కింది పొర నూనె పీల్చేసింది, రంగు పోలేదు. ఆ భాగం తాకితే అంటకుండా ఆరాక లిన్సీడ్ ఆయిల్, టర్పెంటైన్ కలిపి గుడ్డతో పలుచగా రాసి, మిగిలింది తుడిచేయండి. అసలు రంగు పైకొస్తుంది. ఆ తర్వాతే దాని పక్కన కొత్త రంగు కలపండి, లేకపోతే వెలిసిన రంగుకు జత కలిపినవాళ్లవుతారు.

ఎక్కడ ఆపాలో తెలియడం లేదు.

బ్రష్ పట్టుకుని ఎక్కడ పెట్టాలా అని వెతుకుతున్నారంటే అప్పటికే అయిపోయింది. బొమ్మను తలకిందులు చేసి గోడకు ఆనించండి. ఏదైనా ముక్క ఎగిరి కనిపిస్తే అదొక్కటి దించండి.

## ఆరబెట్టడం, దాచడం

ఎన్నాళ్లకు ఆరుతుంది? వానాకాలంలో అసలు ఆరడం లేదు.

ఆయిల్ రంగు నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడుతుంది. అందుకే గాలి, వెలుగు రెండూ కావాలి. పలుచటి గీతలు వారంలోపు తాకేంత ఆరతాయి, మందంగా పెట్టిన తెలుపుకు వారాలు పడుతుంది. సియన్నాలు, అంబర్లు తొందరగా, అలిజరిన్, కాడ్మియంలు నిదానంగా. వానల్లో ఫ్యాన్ గాలి ఆడే, వెలుగుండే గదిలో పెట్టండి. బీరువా వెనక దాస్తే లిన్సీడ్ ఆయిల్ పసుపెక్కుతుంది, తేమకు కాన్వాస్ వెనక బూజు పడుతుంది. తొందరుంటే రంగులో ఆల్కైడ్ మీడియం కలపండి, మర్నాటికే చాలావరకు ఆరుతుంది.

వార్నిష్ ఎప్పుడు?

మామూలు మందానికి ఆరు నెలలైనా ఆగండి, మందపు గీతలుంటే ఏడాది. ఈలోపు ఎవరికైనా ఇవ్వాలంటే రీటచ్ వార్నిష్ పలుచగా చాలు. వాన రోజు మాత్రం పూయకండి, తెల్లటి మసక పడుతుంది.

నూనె తుడిచిన బట్టలు చెత్తబుట్టలో వేయొచ్చా?

ముద్దగా వేయకండి. లిన్సీడ్ ఆయిల్ ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండచుట్టిన బట్టలో ఆ వేడి బయటికి పోక దానంతటదే అంటుకోవచ్చు. విడివిడిగా పరిచి బయట ఆరేయండి, లేదా నీళ్లు పోసిన మూతడబ్బాలో తడిపి పెట్టి తర్వాత పడేయండి. బ్రష్‌లు కడిగిన టర్పెంటైన్ సింకులో పోయొద్దు. సీసాలో నిలవ ఉంచితే మడ్డి అడుగున దిగుతుంది, పైతేట మళ్లీ వాడుకోవచ్చు. కాడ్మియం రంగులతో పనిచేశాక చేతులు కడుక్కునే టీ తాగండి, రేవులో చేసినా, ఇంట్లో చేసినా.